మరిపించి పోవద్దు: రెండు ఇళ్ల నడుమ ఒక చిన్న పాప, పదహారు వారాల కేస్ స్టడీ

పాప వయసు 2 ఏళ్ల 10 నెలలు. జూన్ మూడో వారంలో తల్లి, అమ్మమ్మ కలిసి మా దగ్గరికి చికిత్సకు తీసుకొచ్చారు. అప్పటికి నాలుగు నెలలుగా పాప పరకాల దగ్గరి పల్లెలో, తల్లిగారింట్లో ఉంటోంది. తండ్రి, నాయినమ్మ కాజీపేటలో ఉంటారు. పుట్టినప్పటి నుంచి తల్లిదండ్రులు విడిపోయే రోజు దాకా పాప పెరిగింది కాజీపేట ఇంట్లోనే. తల్లి హన్మకొండలో బట్టల దుకాణంలో పనిచేసేవారు. పగలంతా నాయినమ్మే చూసుకునేది.

ఇందులో గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాం. ఉత్తర తెలంగాణ కుటుంబాల్లో పదే పదే కనిపించే తీరును ఒక పాప చుట్టూ కూర్చి రాశాం. వారాలు, నిమిషాలు ఇచ్చింది పని ఏ వేగంతో నడుస్తుందో తెలియడానికే. వాటితో మరో పిల్లను కొలవకూడదు.

తీసుకొచ్చిన కారణం

రాత్రి మూడు నాలుగు సార్లు లేచి ఏడుస్తుంది. తల్లి స్నానానికి వెళ్లినా చీర కొంగు వదలదు. పగటిపూట చెప్పి బాత్రూంకు వెళ్లడం అలవాటైన పిల్ల, మళ్లీ బట్టల్లోనే పోసుకుంటోంది. మేనమామ కొడుకును రెండుసార్లు రక్తం వచ్చేలా కొరికింది. తల్లి తినిపిస్తే తప్ప ముద్ద ముట్టదు. ఆదివారం తండ్రి వస్తే మొదటి పది పదిహేను నిమిషాలు ముఖం తిప్పుకుంటుంది, ఆ తర్వాత మెడ పట్టుకుని వదలదు. ఆయనతో బయటికెళ్లి తిరిగొచ్చాక రెండు రోజులు చిరచిరలాడుతుంది.

తల్లి వైపు వాళ్లు చెప్పింది: "వాళ్లు ఏదో భయపెడుతున్నరు, వచ్చినంక రెండు దినాలు పిల్ల మనిషి కాదు." తండ్రి వైపు వాళ్లు చెప్పింది: "వీళ్లు నూరిపోస్తున్నరు, కన్న తండ్రిని చూసి మొఖం తిప్పుకుంటది." పిల్లలో కనిపించేది ఒకటే. రెండు వైపులా దాన్ని ఎదుటివాళ్ల తప్పుకు సాక్ష్యంగా చూపిస్తున్నారు. తల్లిదండ్రులు విడిపోయిన కేసుల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అలవాటే. కాబట్టి లక్షణం వేరు, నింద వేరు అని మొదటి రోజే ఇద్దరికీ విడివిడిగా చెప్పాలి.

ముందు ఒంటి సంగతి, ఆ తర్వాతే మనసు సంగతి

బట్టలు తడుపుకునే పిల్లకు మూత్ర పరీక్ష, మలబద్ధకం ఉందో లేదో చూడటం తప్పనిసరి. చెవి నొప్పి, నులిపురుగులు, రక్తహీనత కూడా చూడాలి. ఈ పాపకు హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. ఈ వయసులో 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. చిరాకు, నిద్ర చెడటం, ఆకలి మందగించడం దానివల్లా వస్తాయి. పిల్లల డాక్టరు ఐరన్ సిరప్ మొదలుపెట్టారు. నాలుగు రోజులకోసారి గట్టిగా విరేచనం అవుతోందని కూడా తేలింది. కడుపు బిగిస్తే మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది. అంటే 'దిగులుతోనే పోసుకుంటోంది' అన్న మాటలో సగమే నిజం. మాట, నడక, వినికిడి వయసుకు తగ్గట్టే ఉన్నాయి.

తర్వాతి ప్రశ్న భద్రత. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, తాగి రావడం, పిల్లను ఎవరైనా తాకరాని చోట తాకడం గురించి తల్లినీ తండ్రినీ వేర్వేరు గదుల్లో అడగాలి. ఈ కుటుంబంలో అలాంటిదేమీ తేలలేదు. తేలి ఉంటే కింద రాసిన పథకం పనికిరాదు. అప్పుడు మొదట చేయాల్సింది హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098 దారి పట్టడం. కలిపించడాలు, అప్పగింతల సంగతి ఆ తర్వాత చూడాలి.

కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలకు తల్లి ఇచ్చిన జవాబుల్లో కుంగుబాటు స్పష్టంగా కనిపించింది. ఆమెను మానసిక వైద్యుడి దగ్గరికి పంపి, రాత్రివేళ మాట్లాడాలనిపిస్తే వాడుకోమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాసిచ్చాం. తల్లి కోలుకోకుండా పిల్ల నిద్ర కుదురుకోవడం అరుదు.

కోర్టు కాగితంలో ఇద్దరు, పాప లెక్కలో ముగ్గురు

అనుబంధం అనగానే తల్లీబిడ్డలనే తలుచుకుంటాం. షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 1964లో ప్రచురించిన గ్లాస్గో అధ్యయనంలో 60 మంది శిశువులను వాళ్ల ఇళ్లలోనే గమనించారు. ఏడాదిన్నర వయసుకల్లా వాళ్లలో చాలామంది ఒకరికంటే ఎక్కువ మందితో గట్టి బంధం కట్టుకున్నారు. మన ఇళ్లలో ఇది చూసేందుకు అధ్యయనం కూడా అక్కర్లేదు. ఈ పాపకు పొద్దున తల దువ్వింది, మధ్యాహ్నం జోకొట్టింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది నాయినమ్మ. నాలుగు నెలలుగా ఆమె పాపకు కనబడలేదు. ఆదివారాలు తండ్రి ఒక్కరే వచ్చి పాపను పరకాల బజారుకు, పార్కుకు తిప్పి దింపేవారు. పాప పోగొట్టుకున్న మనుషుల్లో ఒకరి పేరు ఏ కోర్టు అర్జీలోనూ లేదు.

పిల్ల ముఖం తిప్పుకోవడానికి అర్థం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆస్పత్రుల్లో తల్లిదండ్రులకు దూరమైన చిన్నపిల్లలను గమనించి జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ 1950లలో మూడు దశలు చెప్పారు. మొదట గట్టిగా ఏడ్చి వెతుక్కోవడం, తర్వాత దిగులుగా మూలన కూర్చోవడం, ఆ తర్వాత పట్టనట్టు ఉండిపోవడం. 'అలవాటు పడింది, ఇప్పుడు ఏడుస్తలేదు' అని పెద్దలు సంతోషించేది ఈ మూడో దశను చూసే. తండ్రిని చూసి ముఖం తిప్పుకున్న పిల్ల ఆయనను మరిచిపోలేదు. మళ్లీ పోతాడేమోనని తనను తాను కాపాడుకుంటోంది.

సురక్షిత అనుబంధమా కాదా అని ముద్ర వేయలేదు. పెద్దవాళ్లు గదిలోంచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ తీరు చూసే, మేరీ ఐన్స్‌వర్త్ రూపొందించిన ఇరవై నిమిషాల పరీక్ష ఏడాది, ఏడాదిన్నర పిల్లలకు ఉద్దేశించింది. దాన్ని లెక్కగట్టడానికి ప్రత్యేక శిక్షణ ఉండాలి. గదిలో ఒకసారి చూసి 'ఈ బిడ్డకు తండ్రితో అనుబంధం లేదు' అని రాయడం వృత్తిపరంగా తప్పు. అది కోర్టు దాకా పోతే ఒక బిడ్డ బాల్యాన్నే మార్చేస్తుంది.

పద్నాలుగు రోజుల కాగితం

అమ్మమ్మకు, తల్లికి గళ్లు గీసిన కాగితం ఇచ్చాం. నిద్ర లేచిన సార్లు, తిండి, మూత్రం, విరేచనం, ఏడుపు రాయాలి. చివరి గడిలో 'ఎవరు బయటికి పోయారు, ఎట్లా పోయారు' అన్నది రాయాలి. అసలు విషయం ఆ గడిలోనే బయటపడింది.

తల్లి ఇప్పుడు కుట్టు పనికి పరకాల వెళ్తున్నారు. పద్నాలుగు రోజుల్లో పదకొండు సార్లు వెళ్లారు. అందులో తొమ్మిది సార్లు పాపను కోళ్ల దగ్గరికో బర్రె దగ్గరికో తీసుకుపోయి మరిపించారు. ఆలోగా తల్లి వెనక వాకిట్లోంచి వెళ్లిపోయారు. తండ్రి గురించి అడిగితే 'బాపు డ్యూటీకి పోయిండు, రేపొస్తడు' అన్నారు. ఆదివారం సాయంత్రం తండ్రి కూడా అంతే, 'చాక్లెట్ తెస్త' అని చెప్పి బస్సెక్కారు. కాజీపేట ఇల్లు విడిచిన రోజున కూడా పాపను నిద్రలో ఎత్తుకొచ్చారు.

పిల్ల ఏడుపు చూడలేకనే ఇలా చేస్తారు, అందులో ప్రేమ తప్ప మరేమీ లేదు. కానీ పాప నేర్చుకున్నది వేరు. కన్ను మళ్లిస్తే మనిషి మాయమవుతాడు, పడుకుని లేచేసరికి ఇల్లే మారిపోతుంది. అలాంటప్పుడు కొంగు వదలకపోవడం, రాత్రి లేచి తడిమి చూసుకోవడం పిల్ల దృష్టిలో చాలా తెలివైన పని. అందుకే చికిత్స అంతా ఒక్క నియమం చుట్టూ కట్టాం. ఈ పాపను ఎవరూ, ఎప్పుడూ, ఎంత చిన్న పనికైనా మరిపించి పోకూడదు.

అందరూ ఒకే మాట చెప్పడం

రెండు ఇళ్లూ ఒకే మాట చెప్పాలి. ముందు తల్లిదండ్రులిద్దరినీ విడివిడిగా ఒప్పించి, కాగితం మీద రాసిచ్చాం: "అమ్మ అమ్మమ్మ ఇంట్ల ఉంటది. బాపు, నాయినమ్మ కాజీపేట ఇంట్ల ఉంటరు. నువ్వు ఇద్దరి బిడ్డవు. నీతోని ఎవలికి కోపం లేదు. ఆదివారం బాపు వస్తడు." అర నిమిషం పడుతుంది. రోజూ ఒకసారి, పాప అడిగినప్పుడల్లా ఇంకోసారి. కారణాలు చెప్పనక్కర్లేదు, ఈ వయసుకు అర్థం కావు.

కొన్ని మాటలు ఆపేయించాం. 'అల్లరి చేస్తే బాపు రాడు', 'అన్నం తినకుంటే అమ్మ పోతది' అనేవి మొదటివి. ఇంకొకటి చుట్టాలు ముద్దుకు అడిగేది: "నువ్వెవలి బిడ్డవు, అమ్మ బిడ్డవా, బాపు బిడ్డవా?" మామూలు ఇంట్లో అది సరదా. ఈ పాపకు అది పరీక్ష. ఇరుగుపొరుగు అడిగినప్పుడు పక్కనున్న పెద్దవాళ్లు వెంటనే 'ఇద్దరి బిడ్డ' అని జవాబు చెప్పేయాలి.

పోయొస్త

మనవైపు ఇంట్లోంచి కదిలేవాళ్లు 'పోత' అనరు, అపశకునం. 'పోయొస్త' అంటారు. తిరిగి రావడం ఆ మాటలోనే ఉంది. వీడ్కోలుకు అదే మాట స్థిరం చేశాం.

వెళ్లడానికి పది నిమిషాల ముందు పాపకు చెప్పాలి. దగ్గర ఎవరుంటారో చెప్పాలి. ఎప్పుడు వస్తారో గడియారంతో కాకుండా పాపకు తెలిసిన పనితో ముడిపెట్టి చెప్పాలి: "నేను పోయొస్త. నువ్వు అమ్మమ్మ దగ్గర ఉంటవు. నువ్వు పండి లేచి పాలు తాగినంక నేనొస్త." ఒకసారి ఎత్తుకుని, ముందు తలుపు నుంచే బయటికి రావాలి. చెయ్యి ఊపి, ఆగకుండా వెళ్లాలి. మొత్తం రెండు నిమిషాలు దాటకూడదు. ఏడిస్తే వెనక్కి రాకూడదు. వస్తే, ఇంకా గట్టిగా ఏడిస్తే ఆగుతారని పిల్లకు తెలుస్తుంది. చెప్పిన సమయం తప్పకూడదు. పాలు తాగినంక అన్నారంటే పాలు తాగినంకనే. బస్సు ఆలస్యమయ్యేట్టుంటే 'దీపం పెట్టినంక' అని కాస్త దూరపు గుర్తే చెప్పాలి, ముందే వస్తే నష్టం లేదు.

మొదటి నాలుగు రోజులు నిజమైన పని లేకుండా సాధన చేయించాం. ఇంటి ముందు కిరాణా దుకాణం దాకా మూడు నిమిషాలు, మర్నాడు పది, ఆ తర్వాత అరగంట. తిరిగొచ్చాక సంచీ దించి, గడప దగ్గరే పాప ముఖానికి ఎదురుగా ఉండేలా కిందికి కూర్చోవాలి. పది నిమిషాలు మరో పని పెట్టుకోవద్దు. పాప ముఖం తిప్పుకున్నా, చెయ్యి చేసుకున్నా గద్దించకుండా పక్కనే ఉండాలి. వీడ్కోలు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా తిరిగి కలవడం మీద పెట్టరు, కానీ పిల్లకు నమ్మకం కుదిరేది అక్కడే.

మొదటి వారం ఏడుపు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంది. రెండో వారంలో పథకం చెడింది. అమ్మమ్మ తట్టుకోలేక రెండు సార్లు మళ్లీ బర్రె దగ్గరికి తీసుకుపోయింది. ఆ రెండు రాత్రులు పాప ఐదేసి సార్లు లేచింది. మూడో రోజు తల్లి నిలబడితే చాలు ఏడుపు. నాలుగు నిజాలు చెప్పాక ఒక్కసారి మోసపోతే పిల్ల మళ్లీ మొదటికొస్తుంది. అమ్మమ్మకు 'జాలి పడకు' అని చెప్పడంలో అర్థం లేదు, ఆమెకు ఆ క్షణంలో చేయడానికి ఒక పని కావాలి. పాపను ఎత్తుకుని గడప దగ్గరే నిలబడటం, 'అమ్మ పోయింది, నీకు ఏడుపొస్తంది, పాలు తాగినంక వస్తది' అని అనడం, తల్లి మలుపు తిరిగాక రొట్టె పిండి ముద్ద పాప చేతిలో పెట్టడం. ఈ మూడూ ఇచ్చాక ఆమె నిలబడగలిగింది. నాలుగో వారానికి ఏడుపు మూడు నాలుగు నిమిషాలకు దిగింది.

బాపు, నాయినమ్మ

ఆదివారం ఒక్కరోజు పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా అన్న ఏర్పాటు పెద్దలకు సౌకర్యం. మూడేళ్లలోపు పిల్లకు ఏడు రోజుల ఎడబాటు చాలా పొడుగు, ఎనిమిది గంటల తిరుగుడు అలసట. దాన్ని విడగొట్టాం. ఆదివారం నాలుగు గంటలు, బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు, మిగతా రోజుల్లో సాయంత్రం ఏడింటికి ఐదు నిమిషాల వీడియో కాల్. వీడియోలో 'ఏం తిన్నవ్, అమ్మ ఏం చేస్తంది' అని ఆరా తీయవద్దన్నాం. తండ్రి ఏదైనా చేసి చూపించాలి, గోడ మీది పిల్లినో, మరుగుతున్న చాయనో. ఫోన్ పట్టుకునే పెద్దవాళ్లు పక్కనే ఉండి మాట కలపాలి. పాప లేచి వెళ్లిపోతే అలిగిందని అనుకోవద్దు, ఆ వయసుకు ఐదు నిమిషాలే ఎక్కువ.

నాయినమ్మతో మొదటి కలయిక సరిగా జరగలేదు. ఆమె పాపను గట్టిగా హత్తుకుని 'నా బంగారుతల్లీ, నిన్ను గుంజుకపాయిరి' అని గొంతెత్తి ఏడ్చింది. పాప బిగుసుకుపోయింది, ఆ పూట ఏమీ తినలేదు. ఆమె దుఃఖం నిజమైనదే. దానికి వేరుగా ఒక గంట కూర్చుని విన్నాం. తర్వాతి వారం నుంచి మాటలకంటే పాత పనులు పెట్టుకుంది: తలకు కొబ్బరినూనె రాయడం, పాలల్లో నానబెట్టిన జొన్నరొట్టె తినిపించడం, మంచం మీద అదే పాట పాడి జోకొట్టడం. మూడో ఆదివారం పాప ఆమె ఒళ్లో నిద్రపోయింది. తల్లి కాకుండా వేరేవాళ్ల చేతి ముద్ద నాలుగు నెలల తర్వాత తిన్నది అక్కడే.

అప్పగింత

ఈ కొత్త ఏర్పాటు మొదట్లో పాపను చేతులు మార్చుకున్నది హన్మకొండ బస్టాండులో. గోల, రద్దీ, ఇద్దరూ బిగుసుకున్న ముఖాలతో నిలబడటం, సంచీ విప్పి 'బట్టలెందుకు తక్కువున్నయి' అని గొడవ. పాప ఏడుపులో చాలా భాగం తండ్రి దగ్గరికి వెళ్లడం గురించి కాదు, ఆ పది నిమిషాల గురించి. చోటు మార్చి, తల్లి ఊళ్లోనే ఉన్న చిన్నతాత అరుగు మీద పెట్టించాం. ఆగస్టులో పాపకు మూడేళ్లు నిండి అంగన్‌వాడీకి వెళ్లడం మొదలయ్యాక బుధవారాలు ఇంకా తేలికయ్యాయి: పొద్దున తల్లి దింపుతారు, మధ్యాహ్నం భోజనమయ్యాక తండ్రి తీసుకెళ్తారు, ఇద్దరూ ఎదురుపడరు. ఎవరికి అప్పగించవచ్చో టీచరుకు ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి.

పాపతోపాటు ఒకే సంచీ వెళ్తుంది. ఒక జత బట్టలు, రోజూ పాలు తాగే స్టీలు గ్లాసు, తల్లి పాత నూలు చీర ముక్క, చిన్న చీటీ. చీర ముక్కలు మూడు కత్తిరించాం: రెండు ఇళ్లలో ఒక్కోటి, మూడోది తల్లి రాత్రి దగ్గర పెట్టుకుని వారానికోసారి మార్చేది. ఉతికితే వాసన పోతుంది, పిల్లకు కావాల్సింది వాసనే. ఇలాంటి వస్తువును పట్టుకుని పసిపిల్లలు ఎడబాటును దాటతారని పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు వినికాట్ చెప్పింది 1950ల మొదట్లో. చీటీలో నాలుగే సంగతులు: ఎప్పుడు నిద్రపోయింది, ఏం తిన్నది, ఐరన్ సిరప్ వేశారా, విరేచనం అయిందా. డబ్బు, కేసు, పెద్దమనుషుల పంచాయితీ మాటలు అప్పగింత చోట ఎత్తకూడదు, మెసేజ్‌లో రాసుకోవాలి.

రాత్రి బస

తండ్రి మొదటి నెలలోనే అడిగారు. రాత్రి బసలు చిన్నపిల్లలకు మంచివా కావా అన్నది పరిశోధకులు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం కాదు. 2010లో ఆస్ట్రేలియాలో వచ్చిన మెకిన్‌టాష్ బృందం నివేదిక జాగ్రత్త చెప్పింది. 2014లో మనస్తత్వవేత్త వార్షాక్ రాసిన వ్యాసం రాత్రి బసలను సమర్థించింది, 110 మంది నిపుణులు దానికి మద్దతు పలికారు. అందుకని గంటల లెక్క పక్కన పెట్టి మూడు గుర్తులు చూశాం. ఆ ఇంట్లో పగలు తేలికగా నిద్రపోతోందా? ఏడిస్తే అక్కడి మనుషులు ఓదార్చగలుగుతున్నారా? రాత్రి లేస్తే ఏం చేయాలో తండ్రికి స్వయంగా తెలుసా? మూడూ కుదిరింది పదకొండో వారంలో. అప్పుడు ఒక రాత్రి, ఆపైన రెండు వారాలకోసారి. రెండు ఇళ్లలోనూ పడుకునే వరస ఒకటే: స్నానం, అన్నం, పాలు, పాట, చీర ముక్క.

పండుగ పూట

పద్నాలుగో వారంలో బతుకమ్మ వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు పాప తమ ఇంట్లోనే ఉండాలని ఇద్దరూ పట్టుబట్టారు. రాజీ కుదిరింది: సాయంత్రం పల్లెలో ఆట, చీకటి పడ్డాక కాజీపేట. పెద్దలకు అది న్యాయంగా కనబడింది. పాపకు కొత్త బట్టలు, డీజే మోత, వంద మంది ముద్దులు, నిద్ర వేళకు ప్రయాణం, వీడ్కోలు చెప్పే తీరిక ఎవరికీ లేదు. ఆ రాత్రంతా ఏడ్చింది, వారం రోజులు మళ్లీ కొంగు పట్టుకుంది. పండుగను పంచవచ్చు గానీ ఒకే రోజును పంచకూడదు. ఎంగిలిపూల నాడు ఒక ఇల్లు, సద్దుల నాడు ఇంకో ఇల్లు, వచ్చే ఏడు అటుదిటు. ఈ షరతు పథకంలో ముందే రాసి ఉండాల్సింది, రాయకపోవడం మా లోపమే.

కోర్టుకు ఇచ్చింది, ఇవ్వనిది

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉంటుంది. తండ్రిని చూడనివ్వక్కర్లేదని దానర్థం కాదు. ఇద్దరికీ ఇది విడమరిచి చెప్పాల్సి వచ్చింది. 'పాప తల్లి ఇంట్లో భయపడుతోంది' అని ఒక ఉత్తరం కావాలని ఒక వైపు నుంచి అడిగారు. ఇవ్వలేదు. చికిత్స చేసేవాళ్లు కస్టడీ మీద అభిప్రాయం చెప్పకూడదు, అది కోర్టు వేరుగా నియమించేవాళ్ల పని. ఎన్ని సెషన్లకు ఎవరు వచ్చారో, ఏ పథకం ఇచ్చామో మాత్రం ఒకే కాగితం, రెండు వైపులకూ ఇచ్చాం. 2021లో అనుబంధ పరిశోధకులు 70 మంది కలిసి కోర్టుల కోసం విడుదల చేసిన ప్రకటనలోనూ బిడ్డకు తెలిసిన, హింసించని మనుషుల సంరక్షణ తెగిపోకుండా ఉండటానికీ, ఒకరికి మించిన అనుబంధాలకూ విలువ ఇచ్చారు. నాయినమ్మను పథకంలో చేర్చడానికి ఆధారం అదే.

పదహారో వారం

రాత్రి లేవడం ఒకసారికి తగ్గింది, కొన్ని రాత్రులు అసలు లేవడం లేదు. కొరకడం ఆరో వారంలోనే ఆగింది. పగలు తడపడం పదమూడో వారానికి ఆగిపోయింది. దానికి మందులా పనిచేసింది గద్దించకపోవడం, మలబద్ధకం తగ్గడం. రాత్రి పక్క ఇంకా తడుపుతోంది, మూడేళ్ల పిల్లకు అది జబ్బు కాదు. తండ్రి గేటు దగ్గర కనబడితే ముఖం తిప్పుకోవడం లేదు. ఆయన వెళ్లేటప్పుడు రెండు నిమిషాలు ఏడుస్తుంది. ఆ ఏడుపు ఉండాల్సిందే.

పాప కొత్తగా అడుగుతోంది: "మనందరం ఒక్క ఇంట్ల ఎప్పుడుంటం?" తల్లికి, తండ్రికి ఒకే జవాబు రాసిచ్చాం. "ఒక్క ఇంట్ల ఉండం బిడ్డా. నీకు అట్ల ఉండాలని ఉంది, నాకు తెలుసు. నువ్వు రెండు ఇండ్లల్ల ఉంటవు." 'చూద్దాం', 'దేవుడి దయ' అనవద్దన్నాం. అదీ ఒక రకంగా మరిపించడమే.

రాత్రి బసను వారానికోసారి చేయాలని తండ్రి కోరారు. రెండు వారాలకోసారి చొప్పున మరో నాలుగు బసలు సాఫీగా సాగాక చూడాలని నిర్ణయం. హిమోగ్లోబిన్ మళ్లీ పరీక్షించే తేదీ, తల్లి మందుల సమీక్ష, వచ్చే జూన్‌లో బడి ఏ ఊళ్లో అన్న ప్రశ్న డిసెంబరు సమావేశానికి పెట్టుకున్నాం.